స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరు

షేక్స్పియర్ మహాకవి 1564 ఏప్రిల్ 23వ తేదీన జన్మించాడని చదువుకొంటున్నాము. కాని ఆ తేదీ ఆనాటి ఏ పత్రంలోను లేదు. మనకున్న ఆధారం ఒకే ఒక పంక్తి. ఇంగ్లండులో ఏవన్ నదీతీరాన ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ పట్టణంలో హోలీ ట్రినిటీ అనే చర్చి కలదు. జాన్ షేక్స్పియర్ కుమారుడు విలియమ్‌కు ఏప్రిల్ 26న బాప్తిస్మం జరిగినదని ఆ చర్చి రిజిస్టరులో లాటిను భాషలో వ్రాసి ఉన్నది. జన్మదినం దానిని బట్టి చేసిన ఊహ మాత్రమే. అట్టి రిజిస్టరు ఎట్లు ఏర్పడినదో, ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో తెలిసికొనుట చరిత్ర విద్యార్థికి అవసరం.

ఒక చర్చి పరిధిలోని గ్రామాన్ని లేక పేటను ఇంగ్లండులో పారిష్ అంటారు. ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో, ప్రతి పారిష్‌లోను బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు ఒక పుస్తకంలో వ్రాయవలెనని ఆజ్ఞాపించాడు. మతగురువు ప్రతి ఆదివారం చర్చి పెద్దల సమక్షంలో వ్రాయవలె. పుస్తకం రెండు తాళాల పెట్టెలో ఉండవలె. ఒక తాళపుచెవి గురువు వద్ద, రెండవది పెద్దల వద్ద. ఏ ఒక్కరూ ఒంటరిగా దానిని తెరువలేని ఏర్పాటు ఇది. ప్రజలు మాత్రం ఇది కొత్త పన్నుకు నాంది అని భయపడ్డారు.

కాగితపు పుస్తకాలు శిథిలమగుచుండగా, 1598లో వాటిని తోలుపత్రాలపై తిరిగి వ్రాయవలెనని, ఏటేటా ఒక నకలు బిషప్‌కు పంపవలెనని ఉత్తరువు వెలువడినది. నేడు లభించే స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరులోని తొలి పుటలు అట్లు తిరిగి వ్రాసినవే. కనుక షేక్స్పియర్ బాప్తిస్మపు పంక్తి కూడ నకలే గాని మూలం కాదు.

అదే 1564 జూలై 11న ఒక నేతపనివాని వద్ద పని నేర్చుకొనే యువకుని ఖననం నమోదైనది. దాని ప్రక్కన, మహమ్మారి ఇక్కడ ఆరంభమైనదని లాటినులో మూడే మాటలు ఉన్నవి. అప్పటికి పసివాడైన విలియమ్‌కు మూడు నెలలైనా నిండలేదు. మరల 1596 ఆగస్టు 11న కవి ఏకైక పుత్రుడు హామ్‌నెట్ ఖననం కనిపిస్తుంది. బాలుని వయస్సు పదకొండేండ్లు. మరణకారణం గూర్చి ఒక్క మాట లేదు. కవి వివాహం ఈ పుస్తకంలో లేనే లేదు. 1582 నవంబరు 28 నాటి హామీపత్రం ఒకటి ఊస్టర్ బిషప్ కార్యాలయంలో భద్రమైనందున ఆ సంగతి తెలిసినది.

మరొక లోపం కూడ గమనింపదగినది. ఇవి ఇంగ్లండు రాజ్యమతపు పుస్తకాలు. 1753 శాసనం క్వేకర్లను, యూదులను మినహాయించినది. కాని కాథలిక్కులు మొదలైన ఇతరుల వివాహాలు రాజ్యమతపు చర్చిలో జరిగిననే చెల్లేవి. మతభేదం లేని ప్రభుత్వ నమోదు 1837 జూలై 1 నుండి మాత్రమే ఆరంభమైనది. అనగా పుస్తకంలో పేరు లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. వ్రాసేవారి దృష్టికి అతడు రాలేదని మాత్రమే అర్థం.

మన ఇండ్లలో పెద్దల జన్మదినం అడిగితే, "పోలీసు చర్య నాటికి చంటిబిడ్డను" అన్న సమాధానం వినిపిస్తుంది. బడిలో చేర్చిననాడు ఉజ్జాయింపుగా వేసిన తేదీయే జీవితాంతం నిలిచిపోయిన వారెందరో! ఒక అక్షరం తప్పిన పేరు వలన ధ్రువపత్రాలకై తిరిగే కష్టం విద్యార్థులకు తెలియనిది కాదు. కనుక మీ ఇంటి నికాహ్‌నామాలను, జనన పత్రాలను తీసి చదవండి. తప్పులుంటే సరిచేయించండి. నకళ్లు వేరొక చోట దాచండి. పెద్దలు చెప్పినది ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తేదీతో వ్రాసి ఉంచండి. ఒక మహాకవికే మిగిలినవి కొన్ని పంక్తులు. మనవారికి ఆ పాటి పంక్తులైనా మిగుల్చుట మన విధి.