వారంటీ కార్డును చివరి పేజీ నుంచి చదువు

అమ్రాబాద్



నువ్వు పంపిన కొటేషను, వారంటీ కార్డు ఫోటోలు ఫోన్‌లో పెద్దవి చేసుకుని నిదానంగా చదివాను. మీ అమ్మానాయనల కోసం ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నావు, వంటింటికి హైదరాబాద్ కంపెనీతో మాడ్యులర్ కిచెన్ పెట్టిద్దామనుకుంటున్నావు. సంతోషం. అడుగు అరలోంచి గిన్నెలు తీయాలంటే మీ అమ్మకు నడుము పట్టేస్తుంది. డ్రాయర్లు వస్తే ఆ బాధ తప్పుతుంది. అయితే "పదేళ్ల వారంటీ ఉంది పెద్దమ్మా, ఇంక రంది లేదు" అని రాశావు చూడు, ఆ మాట కోసమే ఈ ఉత్తరం. ఆ పదేళ్లు దేనికి వర్తిస్తాయో, దేనికి వర్తించవో తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టు.

కార్డు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్న 10 మొత్తం కిచెన్‌కు కాదు. లోపలి పేజీ చూడు. చెక్క పెట్టెలకు, అంటే వాళ్లు కార్కస్ అంటున్నదానికి, పదేళ్లు. షట్టర్లకు ఐదేళ్లు. పైన అతికించే లామినేటు రంగుకు, అంచు పట్టీకి ఏడాది. కబ్జాలు, డ్రాయర్ చానళ్లు, స్టీలు బుట్టల దగ్గరికొచ్చేసరికి "ఆయా తయారీదారుల నిబంధనల ప్రకారం" అని వదిలేశారు. రోజూ తెరిచీ మూసీ అరిగేవి కబ్జాలు, చానళ్లే. వాటి కంపెనీ ఏది, ఆ కంపెనీ ఎన్నేళ్లు ఇస్తుంది, చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కొటేషన్‌లో ఎక్కడా లేదు. హెట్టిక్, హఫెలే, ఎబ్కో ఏదైనా సరే, పేరూ మోడలూ రాయించు. "బ్రాండెడ్ హార్డ్‌వేర్" అని మాత్రమే రాస్తే రేపు ఏది బిగించినా కాదనలేవు.

ఇప్పుడు చివరి పేజీ. సన్న అక్షరాల్లో వర్తించనివన్నీ అక్కడున్నాయి: నీళ్ల లీకేజీ, గోడ చెమ్మ, చెదలు, పురుగులు, ఆవిరి, వేడి, సాధారణ అరుగుదల, బయటివాళ్లు చేసిన మార్పులు, వేరే చోటికి తరలించడం. మన అమ్రాబాద్‌లో వంటింటి చెక్క దేనివల్ల పాడవుతుందో ఆలోచించు. సింకు కింద నీళ్లు కారి ఉబ్బుతుంది, లేదా చెద పడుతుంది, లేదా పొయ్యి పక్కన ఆవిరికి పైపొర లేస్తుంది. ఈ మూడింటినీ కార్డు ముందే తీసేసింది. మిగిలింది తయారీ లోపం ఒక్కటే. అది తయారీ లోపమా కాదా అన్నది "కంపెనీ ప్రతినిధి పరిశీలించి తేల్చినదే తుది నిర్ణయం" అని ఇంకో వాక్యం. ప్లైవుడ్ పొరలు విడిపోయాయనుకో, బంక నాసిరకం అని నువ్వంటావు, నీళ్లు తగిలాయి అని వాళ్లంటారు. వారంటీ తగాదాలు పుట్టేది ఇలాంటి చోటే.

అమెరికాలో 1975లో మాగ్నసన్–మాస్ అనే వారంటీ చట్టం తెచ్చారు. రాతపూర్వకంగా హామీ ఇస్తే అది పూర్తి హామీయో పరిమిత హామీయో పైనే స్పష్టంగా చెప్పాలని అందులో ఉంది. అందుకే అక్కడి కిచెన్ కంపెనీల కాగితాల మీద "లిమిటెడ్ లైఫ్‌టైమ్ వారంటీ" అని కనిపిస్తుంది. నీ కార్డు మీద అలాంటి ముద్ర లేదు. అది పరిమితమే అనుకుని చదవాలి.

కాబట్టి వారంటీ కాయని చోట మన పైసలు, మన జాగ్రత్త పెట్టాలి. కాసే చోట సాక్ష్యం దాచుకోవాలి.

మొదట బోర్డు సంగతి. నీ కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని ఉంది. ఆ మాటకు కొలత లేదు. భారత ప్రమాణాల సంస్థ మామూలు వాడకం ప్లైవుడ్‌కు ఐఎస్ 303 అనీ, మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనీ వేరువేరు ప్రమాణాలు పెట్టింది. 303లోనే తేమను కొద్దిగా తట్టుకునే ఎంఆర్ రకం ఉంది, మరిగే నీళ్లను కొంతవరకు తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ఉంది. దుకాణంలో "కమర్షియల్" అని అమ్మేది ఎంఆర్. 710 ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు. సింకు పెట్టెకైనా 710 కావాలని అడుగు. మిగతావాటికి బీడబ్ల్యూఆర్ చాలు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ మాత్రం సింకు దగ్గరికి రానీయకు. తడిస్తే ఉబ్బుతాయి, ఆరినా మళ్లీ మామూలు కావు. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనేది తేమకు నిలుస్తుంది గానీ నీళ్లలో నానడానికి చేసిన సరుకు కాదు.

గ్రేడు, మందం, తయారీదారు పేరు మూడూ కొటేషన్‌లో రాయించు. ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో తెలుస్తుంది. లామినేటు అతికాక ఆ ముద్ర కనపడదు. అందుకని అతికించక ముందే ఫోటో పంపమని చెప్పు. ఫ్యాక్టరీలో కుదరదంటే మీ ఆర్డరుకు కోసిన షీటు ముక్క ఒకటి ఇమ్మను. రేపు పొరలు విడిపోతే నీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

చెదల గురించి మరీ మరీ చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు మియాపూర్ అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తులో ఉండి ఆలోచిస్తున్నావు. మన చుట్టూ నల్లమల. ఎక్కడ పలుగు దింపినా నేలలో చెద ఉంటుంది. ఇల్లు ఇంకా కట్టుబడిలోనే ఉంది కాబట్టి అదృష్టం. నేల బండలు పరవక ముందే చెదల మందు కొట్టించు. ఆ పనికి ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది, కట్టేటప్పుడు ఎలా కొట్టాలి, కట్టాక ఎలా కొట్టాలి అని వేరువేరు భాగాలుగా. ఏ మందు, ఎంత పాళ్లలో, ఎన్ని చోట్ల పోశారు అన్నది కాగితం మీద తీసుకో. మందు కొట్టినవాళ్లు రాతపూర్వకంగా హామీ ఇస్తారు. కిచెన్ కంపెనీ చెదలను వారంటీలోంచి తీసేసింది కాబట్టి నీకు అండ ఆ కాగితమే.

నా మాట వింటే ఇంకో దారి ఉంది. కింది వరుస పెట్టెలు చెక్కతో అసలు వద్దు. గట్టు కింద కడప బండతోనో తాండూరు బండతోనో అడ్డుగోడలు, అరలు కట్టించు. ముందు తలుపులు మాత్రమే ప్లైవుడ్‌వి పెట్టించు. మన పాలమూరు ఇళ్లల్లో వంటింటి అరలు బండలతోనే ఉండేవి. నీళ్లు పోసి కడిగినా, చెద వచ్చినా బండకు ఏమీ కాదు. డ్రాయర్లు కావాలన్నచోట ఆ గడులకే చెక్క పెట్టె చేయించుకోవచ్చు. కంపెనీవాళ్లు ఇలా చేయం అంటారు, ఎందుకంటే వాళ్ల ఫ్యాక్టరీ కొలతలు వేరు. అప్పుడు కంపెనీ అవసరమే తగ్గుతుంది. చెక్క పెట్టెలే కావాలంటే వాటిని నేల మీద ఆనించకుండా నాలుగు అంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టించి, ముందు పట్టీ ఊడదీసేలా పెట్టించు. మీ అమ్మ బకెట్లతో నీళ్లు కుమ్మరించి బండలు కడుగుతుంది, ఆ అలవాటు మారదు. పట్టీ తీసి కింద చెద దారి వేసిందేమో చూడడానికీ వీలుంటుంది.

బయటివాళ్లు మార్పులు చేస్తే వారంటీ పోతుందన్న షరతును చిన్నదిగా చూడకు. వాటర్ ఫిల్టరు బిగించే పిల్లవాడు వచ్చి సింకు పెట్టె పక్కన డ్రిల్లు పెడతాడు. చిమ్నీవాడు పై పెట్టెకు గొట్టం బొక్క కోస్తాడు. ప్లంబరు వెనక పలక కోస్తాడు. కోసిన అంచుకు సీలు లేకపోతే చెమ్మ అక్కణ్నుంచే లోపలికి పోతుంది, కంపెనీవాడు వచ్చి ఆ బొక్కే చూపిస్తాడు. ఫిల్టరు, చిమ్నీ, గ్యాసు పైపు, ప్లగ్గులు ఎక్కడొస్తాయో ముందే గీయించి, బొక్కలన్నీ కంపెనీ మనుషులతోనే కోయించు. కోసినట్టు వాళ్ల పని కాగితంలో రాయించు.

ఇంక దూరం సంగతి. మీ కంపెనీ సర్వీసు "హైదరాబాద్ పరిధిలో" అని ఉంది. మన దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు దాకా ఎవరొస్తారు? వచ్చినా రాకపోకల ఖర్చు, విజిటింగ్ చార్జి నీవే అని ఇంకో వాక్యం ఉంది. అమ్రాబాద్ ఇంటికి వచ్చి చూస్తారా, ఎన్ని రోజుల్లో వస్తారు, ప్రయాణం ఖర్చు ఎవరిది అన్నది ఈమెయిల్‌లో అడుగు. ఫోన్లో సేల్స్ పిల్లవాడు అన్నీ ఒప్పుకుంటాడు, అతని ఉద్యోగం అది. రాతలో వచ్చినదే లెక్క. వారంటీ మొదటి కొనుగోలుదారుకే, మొదటి చిరునామాకే అని కూడా ఉంది. పైసలు కట్టేది నువ్వు, వాడేది మీ అమ్మానాయన. బిల్లు నీ పేరున ఉన్నా బిగించే చిరునామా అమ్రాబాద్ ఇల్లని తప్పక రాయించు. కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులే అని వినియోగదారుల రక్షణ చట్టం అంటుంది, అది మనకు అనుకూలం.

బిల్లు లేకుండా ఇస్తే జీఎస్టీ తగ్గుతుంది అంటే ఒప్పుకోకు. బిల్లు లేకపోతే నువ్వు కొన్నావన్నదే నిరూపించలేవు. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. సరైన పరీక్ష చేయకుండా వస్తువు ఇన్నేళ్లు మన్నుతుందని హామీ ఇవ్వడం కూడా అదే కిందికి వస్తుంది.

బిగించిన రోజు "పని పూర్తయింది" అని సంతకం అడుగుతారు. మీ నాయన మొహమాటంతో పెట్టేస్తాడు, ముందే చెప్పి ఉంచు. అన్ని డ్రాయర్లూ లాగి, షట్టర్లు తెరిచి మూసి, సింకు నింపి వదిలి, కింద చెయ్యి పెట్టి చూశాకే సంతకం. బాగాలేనివి ఆ కాగితం మీదే రాయాలి. వారంటీ లెక్క బిల్లు తేదీ నుంచా, బిగించిన తేదీ నుంచా అన్నదీ అడుగు. ఇల్లు ఆలస్యమై సరుకు గోదాములో ఉన్న నెలలు నీ ఖాతాలో పోకూడదు.

ఒకవేళ చెడిపోతే ముందు వేరేవాళ్లతో బాగు చేయించకు. ఫోటోలు తీసి, తేదీతో ఈమెయిల్ పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకో. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. పాత 1986 చట్టం కింద కంపెనీ ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మనం ఉండే చోటే, పనిచేసే చోటే వేసుకోనిచ్చింది. కంపెనీ ఆఫీసు ఎక్కడ ఉన్నా మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌కు పోవచ్చు, లేదా ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. బోర్డు నాణ్యత మీద తగాదా అయితే నమూనాను కమిషనే ల్యాబుకు పంపించగలదు. కార్డులో "వివాదాలు ఆర్బిట్రేషన్ ద్వారా మాత్రమే" అని ఉన్నందుకు భయపడకు. అలాంటి షరతు వినియోగదారుల కమిషన్ దారిని మూయలేదని సుప్రీంకోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో నిలబెట్టింది. గడువు మాత్రం మరిచిపోకు. తగాదా పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. కార్డు మీద పదేళ్లుందని రేపు మాపు అంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.

మన అచ్చంపేట వడ్ల మేస్త్రీతో చేయిస్తే ఎట్లా అని నువ్వు అడగలేదు గానీ చెబుతాను. ఆయన దగ్గర అచ్చేసిన కార్డు ఉండదు. కానీ ప్లైవుడ్ నీ కళ్ల ముందే దిగుతుంది, ముద్ర నువ్వే చూస్తావు, కబ్జా వదులైతే కబురు పంపిన రోజో మర్నాడో వస్తాడు. ఆయనతోనూ తెల్ల కాగితం మీద గ్రేడు, మందం, ధర, ఎన్నేళ్లు చూసుకుంటాడో రాయించి సంతకం తీసుకో. పైసల్లో పదో వంతు వానకాలం దాటాక ఇస్తానని ముందే ఒప్పందం చేసుకో. ఒక వానకాలం నిలిచిన చెక్క పని ఏమిటో మన ఊళ్లో అందరికీ తెలుసు. టేకు తలుపులు అంటే మాత్రం లైసెన్సు ఉన్న కోతమిల్లు బిల్లుతోనే కొను. చుట్టూ పులుల అభయారణ్యం ఉంది, బిల్లు లేని దుంగ ఇంట్లో దొరికితే అటవీ కేసే.

నా లెక్కలో మీ ఇంటికి బండ అరలు, 710 తలుపులు, మంచి కబ్జాలు, అచ్చంపేట మేస్త్రీ సరిపోతాయి. అయినా కంపెనీయే అని నీ మనసు పడితే నేను అడ్డు చెప్పను. ఈ వారం అడ్వాన్సు కట్టకు. బోర్డు గ్రేడు, కబ్జాల కంపెనీ, అమ్రాబాద్‌కు సర్వీసు, వారంటీ మొదలయ్యే తేదీ, ఈ నాలుగూ అడుగుతూ వాళ్లకు ఈమెయిల్ పెట్టు. జవాబు రాగానే నాకు పంపు, ఇద్దరం కలిసి చదివి నిర్ణయం చేద్దాం.

మీ పెద్దమ్మ