తోలుబొమ్మలాటలో హాస్యము

పసితనమున బొమ్మలతో ఆడుకొననివారు లేరు. పెద్దవారమైన పిదప వానిని విడిచిపెట్టుదుము. కాని తెలుగునాట తోలుబొమ్మలాటను తెల్లవార్లు మేలుకొని చూచినవారు పిల్లలు మాత్రమే కారు. పగలెల్ల పొలమున శ్రమించిన పెద్దలును చూచిరి. నడిరేయికి పిల్లలు నిద్రపోయినను, పెద్దలు జుట్టు పోలిగాని రాకకై కాచుకొని యుండెడివారు. వారి నంతగా ఆకర్షించినదేమి?

ఈ ఆట మిక్కిలి ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున దీనిని పేర్కొనెను. మేకతోలును శుభ్రపరచి, పలుచగా చేసి, బొమ్మలుగా కోసి, సన్నని రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. తెల్లని తెరవెనుక దీపముంచి ఆడింతురు. పూర్వము ఆముదపు దీపములు వెలిగించెడివారు. నేడు విద్యుద్దీపములు వచ్చినవి. ఐరాల మండలములోని కాణిపాకమున వెలసిన విఘ్నేశ్వరుని మనము తొలుత తలచునట్లే, ఈ ఆటయందును గణపతి ప్రార్థనయే మొదటిది. పిదప రామాయణ భారత కథలు నడచును.

ఆ కథల నడుమ జుట్టు పోలిగాడును, వాని భార్య బంగారక్కయు తెరమీదికి వచ్చి కలహింతురు. కేతిగాడు వారి నడుమ జొరబడి కలహమును పెంచును. వీరు పురాణములలోనివారు కారు, మన వీధిలోనివారు. దేవతలు పద్యములు చదువగా, వీరు ఊరి భాషలో మాటాడుదురు. ఒక్కొక్కప్పుడు మోటు మాటలును దొర్లును.

బొమ్మలు తన్నుకొనుట చూచి పిల్లలు నవ్వుదురు. ఆ తగవులో తమ యింటిని గుర్తించి పెద్దలు నవ్వుదురు. ఊరిపెద్దను ఎదుట నిలిచి ఎత్తిపొడుచుటకు సామాన్యునకు ధైర్యము చాలదు. అదే మాట తోలుబొమ్మ పలికినచో ఊరిపెద్దయు నవ్వక తప్పదు. బొమ్మపై కోపగించినచో తన తప్పును తానే ఒప్పుకొన్నట్లగును! జావాద్వీపపు తోలుబొమ్మలాటలో సెమార్, పెత్రుక్ అను సేవకులును, తుర్కీ దేశపు నీడబొమ్మలలో కారగోజ్, హాజివాత్ అను జంటయు ఇట్లే నవ్వించుచు నిజములు పలికిరి.

మన బొమ్మలాటగాండ్రలో పెక్కుమంది ఇంట మరాఠీ మాటాడువారు. అయినను తెలుగు నుడికారమును వంటబట్టించుకొని, ఊరూరి ముచ్చటలు చెవినిడి, ఏనాటి హాస్యమును ఆనాడే కల్పించెడివారు. చిక్కు ఇందే కలదు. రామకథ గ్రంథములందు భద్రముగా నున్నది. పోలిగాని మాటకు అట్టి మూలగ్రంథము లేదు. అది ఆటగాని నోట పుట్టి, చూపరుల నవ్వుతో ముగియును.

సినిమాలు, టెలివిజను వచ్చిన పిదప ఈ ఆటకు ఆదరణ తగ్గెను. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట కళాకారులు నేడు అదే తోలుతో దీపపు తొడుగులు, గోడబొమ్మలు చేసి జీవించుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను. కళకు గౌరవము దక్కినది, సంతోషము. కాని గోడకు వ్రేలాడు బొమ్మ అందముగా నుండునే గాని, ఎవ్వరిని ఎత్తిపొడువజాలదు.

బాలలారా! మీ తాతలను, అవ్వలను అడుగుడు. వారు విన్న పోలిగాని మాటలను, బంగారక్క జవాబులను వ్రాసి దాచుడు. వీలైనపుడు ఆటను తెర ముందు కూర్చుండి చూడుడు. మన నవ్వే దానికి ఊపిరి.

ప్రశ్నలు

1. తోలుబొమ్మలాటలోని హాస్యము పెద్దలను ఏల ఆకర్షించెను?
2. రామకథకును, పోలిగాని మాటకును గల భేదమేమి?
3. "గోడకు వ్రేలాడు బొమ్మ ఎవ్వరిని ఎత్తిపొడువజాలదు" – వివరింపుడు.