పడవ కింద పింగ్: ఫిష్ ఫైండర్‌ని ఎంతవరకు నమ్మాలి?

మనలో చాలామందిమి రోజుకి ఒకసారైనా పింగ్ అని టైపు చేస్తూనే ఉంటాం. ఒక చిన్న ప్యాకెట్టు పంపిస్తాం, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చూస్తాం, సర్వర్ బతికే ఉందని ఊపిరి పీల్చుకుంటాం. 1983 డిసెంబరులో మైక్ మూస్ ఆ ప్రోగ్రాము రాసి, సోనార్ చేసే చప్పుడుని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు. అంటే మన పింగ్ నకలు. అసలు పింగ్ నీళ్ళలో ఉంది. నేను ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్ళకి గానీ ఆ అసలుదాన్ని చూడలేదు. చూశాక కూడా సరిగ్గా చదవడం రాక ఒక సాయంత్రం ఇసుకలో కూర్చున్నాను. ఆ కథ ముందు చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్తాను.

నేనుండేది సియాటిల్ దగ్గర. పదహారడుగుల పాత అల్యూమినియం బోటు ఒకటి కొన్నాను. దానితోపాటే ఒక ఫిష్ ఫైండర్ వచ్చింది. 2021 ఆగస్టు చివర్లో ఒక ఆదివారం, నేను, నా స్నేహితుడు, ఎనిమిదేళ్ళ వాళ్ళబ్బాయి, ఎవరెట్ నుంచి పొసెషన్ సౌండ్‌లోకి వెళ్ళాం. ప్యూజెట్ సౌండ్‌లోకి పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లోనే పెద్ద ఎత్తున వస్తుంది కాబట్టి ఆ ఏడు అందరికీ హుషారే. మధ్యాహ్నమంతా వందల అడుగుల లోతు మీద నెమ్మదిగా తిరిగాం. రెండు చేపలు దొరికాయి. ఐదింటికి వెనక్కి తిరిగి వేగం పెంచాను. జెట్టీ ఐలండ్ దక్షిణపు కొసన ఉన్న కాలువలోకి వెళ్ళాల్సింది పోయి, దగ్గర దారని కాస్త ఎడమకి కోశాను. స్క్రీను మీద లోతు 47 అడుగులు అని ఉంది. "ఇంకా చాలా లోతుంది గురూ, పోనీ" అన్నాడు స్నేహితుడు. పోనిచ్చాను. పది సెకన్ల తర్వాత మోటారు ఒక్క మూలుగు మూలిగి, బోటు ఇసుక మీద ఆగిపోయింది. అప్పుడు కూడా స్క్రీను మీద 47 అనే ఉంది.

అది స్నోహోమిష్ నది తెచ్చి పోసిన ఇసుక మేట. సముద్రం పాటు మీద ఉంది, నీరు తీస్తోంది. ముగ్గురం దిగి తోసినా కదల్లేదు. అరగంటలో మా చుట్టూ నీళ్ళే లేవు. దెబ్బలేమీ తగల్లేదనీ, పోటు వచ్చేదాకా ఆగుతామనీ రేడియోలో కోస్ట్ గార్డుకి చెప్పాం. మళ్ళీ తేలేసరికి రాత్రి తొమ్మిదింపావు అయింది. చీకటి, చలిగాలి. పిల్లాడు నా జాకెట్లో ముడుచుకుని, "అంకుల్, ఆ నంబరు అబద్ధం చెప్పిందా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పలేదు. ఆ 47 ఆరి వెలుగుతూ ఉంది. మా ఫైండర్‌లో అంకె అలా మిణుకుమంటే, "అడుగు కనబడటం లేదు, ఇది నాకు చివరిసారి తెలిసిన లోతు" అని అర్థం. మన భాషలో చెప్పాలంటే పాతబడిన క్యాషే. మాన్యువల్‌లో ఆ ముక్క ఉంది. నేను చదవలేదు. ఇంటికొచ్చాక చదివినదీ, తర్వాత నాలుగు సీజన్లలో నేర్చుకున్నదీ ఈ వ్యాసం.

స్క్రీను మీద ఉన్నది బొమ్మ కాదు, లాగ్

పడవ వెనక నీళ్ళలో ఉండే చిన్న ప్లాస్టిక్ దిమ్మని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. దానిలోపల ఒక పింగాణీ బిళ్ళ ఉంటుంది. కరెంటు ఇస్తే అది కంపించి శబ్దం చేస్తుంది. తిరిగొచ్చిన శబ్దం తగిలితే అదే కరెంటు పుట్టిస్తుంది. స్పీకరూ అదే, మైకూ అదే. సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు, అంటే దాదాపు 4900 అడుగులు పోతుంది. వంద అడుగుల లోతుకి వెళ్ళి రావడానికి సుమారు 41 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయాన్ని కొలిచి, సగం చేసి, లోతుగా చూపిస్తుంది. 1948లో జపానులో ఫురునో సోదరులు చేపల వేట కోసం దీన్ని మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి మూలసూత్రం ఇదే.

ఒక్కో పింగ్‌కి వచ్చిన జవాబు, స్క్రీను కుడి అంచున ఒక నిలువు గీత అవుతుంది. తర్వాతి గీత వచ్చినప్పుడు పాతవి ఎడమకి జరుగుతాయి. కాబట్టి "ఇప్పుడు" అనేది కుడి అంచున ఉన్న ఆ ఒక్క గీత మాత్రమే. మిగిలిందంతా చరిత్ర. స్క్రీను మధ్యలో చేప కనబడిందని గాలం వేస్తే, ఆ చేపని మీరు దాటేసి ఎంతసేపయిందో! బోటు కదలకుండా ఉన్నా స్క్రీను మాత్రం జరుగుతూనే ఉంటుంది. కింద ఒకే చేప నిలబడి ఉంటే పొడుగాటి గీతలా కనబడుతుంది. పెద్ద చేప అనుకోకండి.

వంపు ఎందుకొస్తుంది?

శబ్దం టార్చిలైటు వెలుగులా కిందికి వెళ్తూ విచ్చుకుంటుంది. 20 డిగ్రీల కోణమున్న ట్రాన్స్‌డ్యూసర్ అయితే, ఏ లోతులోనైనా అది చూసే వలయం వెడల్పు ఆ లోతులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. 60 అడుగుల దగ్గర సుమారు 21 అడుగుల వలయమన్నమాట. చేప ఆ వలయం అంచులో ఉన్నప్పుడు ట్రాన్స్‌డ్యూసర్‌కి కాస్త దూరం, సరిగ్గా కిందికి వచ్చినప్పుడు దగ్గర, అవతలికి పోతే మళ్ళీ దూరం. అందుకే గీత వంగి విల్లులా వస్తుంది. సగం విల్లే కనబడితే, ఆ చేప మధ్యదాకా రాకుండా పక్కనుంచి పోయిందని అనుకోవచ్చు.

శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొట్టేది చేప కండ కంటే దాని కడుపులోని గాలితిత్తి. గాలితిత్తి లేని అట్లాంటిక్ మాకెరెల్ లాంటి చేపలు ఒంటి సైజుకి తగ్గట్టు కనబడవు. నేలకి అంటుకుని ఉండే చదునైన చేపలు అసలు కనబడకపోవచ్చు. గీత మందం చూసి చేప బరువు చెప్పేవాళ్ళని నమ్మకండి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: ఈ వలయం పడవ కిందే ఉంటుంది, ముందు ఉండదు. నేను ఇసుక మీదికి వెళ్ళడానికి అదొక కారణం. ఫైండర్ మీరున్న చోటు చెబుతుంది, వెళ్ళబోయే చోటు చెప్పదు. దానికి చార్టు చూడాలి.

మార్చాల్సిన సెట్టింగులు

చేప బొమ్మలు: నీళ్ళలో ఏ ముద్ద కనబడినా చేప బొమ్మ వేసే సౌకర్యం ఒకటుంది. నాచు ముక్కకీ, బుడగల గుంపుకీ కూడా వేస్తుంది. మొదట దాన్ని ఆపేయండి. ఎవరో సారాంశం రాసిచ్చిన లాగ్ కంటే అసలు లాగ్ చూడటమే మేలని మనకి వేరే చెప్పక్కర్లేదు.

సెన్సిటివిటీ: స్క్రీనంతా చుక్కలతో నిండేదాకా పెంచి, ఆ చుక్కలు పోయేదాకా కొద్దికొద్దిగా తగ్గించండి. అక్కడ ఆపండి. మరీ తగ్గిస్తే స్క్రీను శుభ్రంగా, అందంగా ఉంటుంది. చేపలు మాత్రం కనబడవు.

రేంజి: చేపల కోసం నిలిచి తిరిగేటప్పుడు రేంజి చేత్తో పెట్టుకోవచ్చు. ప్రయాణానికి బయల్దేరగానే ఆటోకి మార్చండి. ఆ రోజు నాది 0 నుంచి 200 అడుగుల మీద ఉండిపోయింది. అడుగు కనబడి ఉన్నా, ఐదడుగుల లోతు స్క్రీను పైఅంచున సన్నటి గీతలా ఉండేది.

ఫ్రీక్వెన్సీ: 200 కిలోహెర్ట్‌జ్‌లో అల పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు, 50లో మూడు సెంటీమీటర్లు. మొదటిది వివరంగా చూపిస్తుంది గానీ నీరు దాన్ని త్వరగా మింగేస్తుంది. రెండోది లోతుగా పోతుంది గానీ వివరం తక్కువ. సరస్సులకీ, తీరం దగ్గరకీ 200 సరిపోతుంది. చిర్ప్ అనే కొత్త రకం ఒకే పింగ్‌లో చాలా ఫ్రీక్వెన్సీలు వరసగా వాడుతుంది కాబట్టి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు చేపల్ని విడదీసి చూపగలదు.

లోతు సవరణ: అంకె చెప్పేది ట్రాన్స్‌డ్యూసర్ నుంచి ఉన్న లోతు. మోటారు కింది కొస దానికంటే కిందికి ఉంటుంది. నా బోటుకి ఆ తేడా అడుగున్నర. సెట్టింగుల్లో కీల్ ఆఫ్‌సెట్ అనే చోట ఆ తేడా పెట్టుకుంటే, అంకె మోటారు కింద ఉన్న నీటిని చూపిస్తుంది.

నిస్సారం అలారం: నీరు తక్కువైతే మోగే గంట ఇది. నాది పదడుగులకి పెట్టాను. కానీ గుర్తుంచుకోండి, అడుగు కనబడకపోతే ఈ గంట కూడా మోగదు. అంకె మిణుకుమంటే వేగం తగ్గించడమే మందు.

అడుగు ఎందుకు తప్పిపోయింది?

మర్నాడు బోటుని ఇంటి ముందు పెట్టి చూస్తే జవాబు దొరికింది. ట్రైలరు ఎక్కించేటప్పుడు ఎప్పుడో తగిలి, ట్రాన్స్‌డ్యూసర్ బ్రాకెట్టు కాస్త పైకి లేచింది. దాని ముఖం మీద పచ్చటి జిగురు పొర. నెమ్మదిగా తిరిగినంతసేపూ పనిచేసింది. వేగం పెంచగానే దాని కింద బుడగలు చేరాయి. శబ్దం గాలిని దాటి పోలేదు. సన్నటి బుడగల తెర చాలు, కింద నేల మాయమైపోతుంది.

బిగించేటప్పుడు చూడాల్సినవి ఇవి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పడవ అడుగు కంటే కొంచెం కిందికి, పావు అంగుళం దాకా ఉండాలి. బోటు వేగంగా పోతున్నప్పుడు కూడా ఆ ముఖం నీళ్ళలోనే ఉండాలి. దాని ముందు రివెట్లు, అతుకులు, గట్లు ఉండకూడదు. అవి బుడగలు పుట్టిస్తాయి. ప్రొపెల్లర్‌కి కనీసం అడుగుంపావు దూరంలో, రెక్కలు కిందికి దిగే వైపున పెట్టాలి. మామూలుగా కుడివైపుకి తిరిగే ప్రొపెల్లర్‌కి అది కుడిపక్క. దట్టమైన ఫైబర్‌గ్లాస్ బోట్లలో ట్రాన్స్‌డ్యూసర్‌ని లోపల అతికించి అడుగులోంచే పంపించవచ్చు. మధ్యలో ఫోమ్ పొర ఉంటే కుదరదు, నాలాంటి అల్యూమినియం బోటుకీ కుదరదు.

వైర్ల సంగతి: ఫైండర్‌కి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, మాన్యువల్ చెప్పిన ఫ్యూజుతో ఇవ్వండి. ట్రాన్స్‌డ్యూసర్ కేబులుని మోటారు వైర్లకీ, రేడియో కేబులుకీ దూరంగా నడపండి. ఎక్కువైన కేబులుని కోయకుండా చుట్టి పెట్టండి. మోటారు ఆపితే స్క్రీను శుభ్రపడి, పెడితే చుక్కలు వస్తుంటే రొద వైర్లలో ఉంది. పక్క బోటు దగ్గరికి వచ్చినప్పుడే వాలుగా చుక్కల గీతలు వస్తుంటే అది వాళ్ళ ఫైండర్ మాట. రొద తగ్గించే ఫిల్టర్ వేస్తే చాలు. మోటారు స్టార్టు చేసినప్పుడల్లా స్క్రీను ఆరి మళ్ళీ వెలుగుతుంటే ఫైండర్‌ని తిట్టకండి, బ్యాటరీని చూడండి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, ఏ లోడూ లేనప్పుడు 12.6 దాకా చూపించాలి.

శుభ్రం చేయడం తేలిక. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడగండి. ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని గిన్నెల సబ్బు నీళ్ళతో, మెత్తటి గుడ్డతో తుడవండి. కత్తితో గీకవద్దు. ఎసిటోన్ లాంటివి ప్లాస్టిక్‌ని తినేస్తాయి. బోటు ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే పక్షంలో నాచు పట్టకుండా రంగు వేయవచ్చు, కానీ ట్రాన్స్‌డ్యూసర్ మీదికి నీటితో కలిపేదే వాడాలి. స్క్రీనుకి అమోనియా ఉన్న గాజు క్లీనర్లు వద్దు. కనెక్టర్లని విప్పి ఆరబెట్టి, పచ్చటి తుప్పు పట్టిందేమో చూసి, మూత పెట్టండి.

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు

ఇప్పుడు నేను ప్రతిసారీ చేసే పని ఇది. ర్యాంపు దగ్గర బ్రాకెట్టుని చేత్తో కదిపి చూస్తాను. ముఖం తుడుస్తాను. నీళ్ళలోకి దిగాక, అడుగుకొక ముడి వేసిన తాడుకి సీసం గుండు కట్టి కిందికి వదులుతాను. తాడు చెప్పిన లోతుకీ, ఫైండర్ అంకెకీ ఎంత తేడా ఉండాలో ముందే తెలుసు కాబట్టి, అది కలిసిందో లేదో చూస్తాను. తర్వాత అదే గుండుని ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరగా నీటి మధ్యలో ఆపి పట్టుకుంటే స్క్రీను మీద అడ్డగీత పడాలి. పడితే సెన్సిటివిటీ సరిపోయినట్టే. చివరగా ఆటుపోట్ల పట్టిక. సియాటిల్ దగ్గర ఒక రోజులో నీరు సగటున 11 అడుగులకి పైగా ఎక్కి దిగుతుంది. పొద్దున దాటిన చోటు సాయంత్రం మేట కావచ్చు.

తాడూ గుండూ చూసి మా స్నేహితుడు మొదట్లో నవ్వేవాడు. "ఇంత ఖరీదైన మిషను పెట్టుకుని ఇదేంటి?" అని. మానిటరింగ్ పెట్టుకున్నంత మాత్రాన సరిపోదనీ, ఆ మానిటరింగ్ పనిచేస్తోందో లేదో చూసేది ఇంకొకటి ఉండాలనీ, పేజరు మోగని రాత్రి ఒకటి గడిపిన వాళ్ళకి తెలుస్తుంది.

పిల్లాడు ఇప్పుడు కొంచెం పెద్దవాడయ్యాడు. తాడు వదిలే పని వాడిదే. ముడులు లెక్కపెట్టి, స్క్రీను వైపు చూసి, "మిణుకుమనట్లేదు అంకుల్, పోదాం" అంటాడు. ఆ మాట విన్నాకే నేను గేరు వేస్తాను.