ఉష్ణము చెప్పెడి సాక్ష్యము

మన ప్రయోగశాలలో లీ పళ్లెముల ప్రయోగము చేసిన విద్యార్థులకు జ్ఞప్తి యుండును: ఆవిరి పెట్టెకును, లోహపు పళ్లెమునకును నడుమ అట్టముక్క నుంచి, అది ఎంత ఉష్ణమును పోనిచ్చునో కనుగొందురు. ఆ పనినే పరమశూన్యమునకు 5 కెల్విన్‌ల ఎగువన, గోరంత స్ఫటికముపై చేయువారున్నారు. ‘తెలుగు చెప్పువానికి దీనితో పనియేమి?’ అని మిత్రులు నవ్వవచ్చును. కాని ఇది సాక్ష్యమునకు సంబంధించిన కథ.

క్వాంటమ్ అయస్కాంత పదార్థములలో పెక్కు విద్యుత్తునకు అవాహకములు. ఎలక్ట్రానులు కదలవు గనుక విద్యుత్తు ద్వారా లోపలి వార్త తెలియదు. వాని స్పిన్‌లు మాత్రము ఒకదానినొకటి కదిలించుచు ఉష్ణమును మోయగలవు. అందుచే స్ఫటికపు ఒక కొనను చల్లని రాగిదిమ్మకు అంటించి, రెండవ కొనను చిన్న తాపకముతో వేడిచేసి, నడుమ ఉష్ణమాపకము లుంతురు. ఉర్దూలో ఉష్ణమును హరారత్ అనియు, ఉష్ణోగ్రతను దర్జా-ఎ-హరారత్ అనియు అందురు. ఎంత హరారత్ పంపితిమో మనకు తెలియును. స్ఫటికమున కొలువగలిగినది దర్జా మాత్రమే. మోసినవారెవరో ఏ ఉష్ణమాపకమును చెప్పదు.

అయస్కాంత క్షేత్రములో ఉష్ణము కొంచెము ప్రక్కకు మళ్లును. ఆ తేడా కెల్విన్‌లో వేయవ వంతుకును లోబడి యుండవచ్చును. ఉష్ణమాపకములను సరిగా ఎదురెదురుగా అంటించుట అసాధ్యము. అందుచే నిలువు తేడా కొంత అడ్డు తేడాలో చొరబడును. క్షేత్రపు దిశను తిప్పి మరల కొలిచి, రెండు ఫలితముల భేదములో సగము గ్రహించిన చొరబాటు తొలగిపోవును. ఎంత చక్కని ఉపాయము!

తేనెపట్టు వంటి షట్కోణ జాలకములో స్పిన్‌లు ఒక విచిత్ర ద్రవస్థితిని పొందవచ్చునని 2006లో కిటాయెవ్ నిరూపించెను. క్షేత్రములో అట్టి పదార్థపు ఒక్కొక్క పొర అంచున ప్రవహించు ఉష్ణము, ప్లాంక్, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకములు నిర్ణయించు మూలప్రమాణములో సరిగా సగము కావలెను. ఆ సగము మయొరానా కణముల గుర్తు. క్వాంటమ్ గణనయంత్రములు నిర్మింప గోరువారికి అవి మిక్కిలి విలువైనవి.

2018లో క్యోటో శాస్త్రజ్ఞులు రుథీనియం ట్రైక్లోరైడ్‌లో ఆ సగమును కంటిమని ప్రకటించిరి. 2022లో జర్మనీలోని మరియొక బృందము సమర్థించెను. ప్రిన్స్‌టన్ వారికి మాత్రము స్థిరమైన సగము కనిపింపలేదు. విలువ ఉష్ణోగ్రతతో పాటు మారుచునే యుండెను. జాలక కంపనములైన ఫోనానులే ఉష్ణమును ప్రక్కకు మళ్లించుచున్నవని వేరొకరు వాదించిరి. నా దృష్టిలో ఈ చివరి శంకయే గట్టిది. అయస్కాంతము కాని స్ట్రాన్షియం టైటనేట్‌లో సైతము 2020లో అట్టి మళ్లింపు కనబడినది. పైగా రుథీనియం ట్రైక్లోరైడ్ పొరలు పేకముక్కల వలె జారునవి. అతికించునపుడు కొంచెము వంగినను లోపలి అమరిక చెడును. ఒక స్ఫటికము పలికిన సంఖ్యను వేరొక స్ఫటికము పలుకుటలేదు.