యువ డ్రైవర్లు, రోడ్డు ప్రమాదాలు: భౌతికశాస్త్రం, మెదడు, చట్టం ఏం చెబుతున్నాయి?

2024 జనవరి 1న, కొత్త సంవత్సరం తొలి ఉదయాన జంషెడ్‌పూర్‌లో ఘోర ప్రమాదం జరిగింది. బిష్టుపూర్ పోలీస్ స్టేషన్ పరిధిలోని సర్క్యూట్ హౌస్ ఏరియాలో వేగంగా వెళ్తున్న ఒక కారు అదుపు తప్పి, డివైడర్‌ను ఢీకొని బోల్తా పడింది. ఐదుగురు కూర్చోవలసిన ఆ కారులో ఎనిమిది మంది ఉన్నారు. వారిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటి వార్త చదివినప్పుడు 'కుర్రాళ్ల దూకుడు' అని ఒక్క మాటలో తేల్చేస్తుంటాం. ఆ మాట వల్ల తర్వాతి ప్రమాదం ఆగదు. వేగం, బరువు, నిద్ర, పక్కన కూర్చున్న స్నేహితులు, కొత్తగా చేతికి వచ్చిన స్టీరింగ్ కలిసినప్పుడు ఏం జరుగుతుందో సైన్సు చాలావరకు వివరించగలదు. కొన్ని దేశాలు ఆ వివరణ ఆధారంగా తమ లైసెన్సు పద్ధతినే మార్చుకున్నాయి. మన దగ్గర పరిస్థితి ఏమిటో చూద్దాం.

ఇరవై కిలోమీటర్ల తేడా

గంటకు 40 కిలోమీటర్ల వేగానికీ 60 కిలోమీటర్ల వేగానికీ పెద్ద తేడా ఏముందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. రోడ్డు మీదికి హఠాత్తుగా ఒక సైకిల్ వచ్చిందనుకోండి. దాన్ని చూసి, ప్రమాదమని గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవర్‌కు సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోగా బండి అదే వేగంతో ముందుకు వెళ్తూనే ఉంటుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు ప్రతి సెకనుకు సుమారు 7 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తాయని అనుకుందాం.

గంటకు 40 కి.మీ. వేగంలో ఉన్న కారు బ్రేకు పడేలోపు దాదాపు 17 మీటర్లు, బ్రేకు పడ్డాక ఇంకో 9 మీటర్లు వెళ్తుంది. మొత్తం సుమారు 26 మీటర్లు. అదే కారు 60 కి.మీ. వేగంలో ఉంటే బ్రేకు పడేసరికే 25 మీటర్లు వెళ్లిపోతుంది. ఆగడానికి మొత్తం 45 మీటర్లు కావాలి. 80 కి.మీ. వేగంలో అయితే దాదాపు 69 మీటర్లు.

ఇప్పుడు ఆ సైకిల్ 26 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. 40 కి.మీ. వేగంతో వస్తున్న కారు దాని ముందు వరకు వచ్చి ఆగుతుంది. 50 కి.మీ. వేగంతో వస్తున్న కారు గంటకు సుమారు 40 కి.మీ. వేగంతో దాన్ని గుద్దుతుంది. 60 కి.మీ. వేగంతో వస్తున్న కారుకు బ్రేకు పని చేయడం మొదలైన కాసేపటికే సైకిల్ తగులుతుంది. అప్పటికి దాని వేగం ఇంకా 59 దగ్గరే ఉంటుంది.

గుద్దుకున్నప్పుడు ఏం జరుగుతుందో చెప్పేది గతిశక్తి. అది వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలు అవుతుంది. 40 కి.మీ. వేగంతో గోడను గుద్దడం సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండో అంతస్తు పైకప్పు నుంచి పడటంతో సమానం. 60 కి.మీ. అయితే 14 మీటర్లు. 80 కి.మీ. అయితే 25 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తుల ఎత్తు. మేడ అంచున నిలబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. స్పీడోమీటర్ ముల్లు 80 దాటితే ఆ వణుకు రాదు. ఎత్తును చూసి భయపడటం మనకు సహజంగా ఉంది. వేగాన్ని చూసి భయపడటం మాత్రం నేర్చుకోవలసిందే.

గోల్ చక్కర్ దగ్గర లెక్క

జంషెడ్‌పూర్ వాసులకు గోల్ చక్కర్లు కొత్త కాదు. సాక్చీ నుంచి కద్మా దాకా ఊరంతా ఇవే. ఇలాంటి మలుపులో బండిని లోపలి వైపుకు లాగి ఉంచేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ మాత్రమే. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో పొడి రోడ్డు మీద సాధారణ టైర్లు తట్టుకోగల వేగం దాదాపు 50 కి.మీ. తడి రోడ్డు మీద అది 40 కి.మీ. లోపుకు పడిపోవచ్చు. ఆ హద్దు దాటాక స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగదు, నేరుగా వెళ్లిపోతుంది.

కారులో మనుషులు ఎక్కువైతే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ముగ్గురు అదనంగా ఎక్కితే దాదాపు 180 కిలోల బరువు పెరుగుతుంది. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటే బండి గరిమనాభి పైకి జరుగుతుంది, బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. పైగా ఐదు బెల్టులున్న కారులో ఆరో మనిషికి బెల్టు ఉండదు. ప్రమాదంలో బెల్టు లేని మనిషి తాను దెబ్బ తినడమే కాక, పక్కవారి మీదికి విసిరినట్టు పడి వారినీ గాయపరుస్తాడు.

పక్క సీట్లో స్నేహితుడు ఉంటే

భౌతికశాస్త్రం అందరికీ ఒకటే. మరి యువ డ్రైవర్ల ప్రత్యేకత ఏమిటి? మొదటిది అనుభవం. లైసెన్సు వచ్చి ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే ప్రమాదాల ముప్పు ఎక్కువని, తర్వాత వేగంగా తగ్గుతుందని అనేక దేశాల్లో తేలింది. కొత్త డ్రైవర్ చూపు బండికి దగ్గరగానే ఉంటుంది, అద్దాల వైపు తక్కువగా వెళ్తుంది. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి పిల్లవాడు పరుగెత్తుకు రావచ్చన్న ఊహ అనుభవంతోనే అలవడుతుంది.

రెండోది వయసు. ముందుచూపు, నిగ్రహం వంటి పనుల్లో ముఖ్యపాత్ర వహించే మెదడు ముందుభాగం ఇరవయ్యో పడి మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆనందానికీ బహుమతికీ స్పందించే భాగాలు అంతకన్నా ముందే చురుగ్గా పని చేస్తుంటాయి. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో 306 మంది చేత డ్రైవింగ్ తరహా కంప్యూటర్ ఆట ఆడించారు. కొందరు ఒంటరిగా, మరికొందరు స్నేహితుల సమక్షంలో ఆడారు. స్నేహితులు పక్కన ఉన్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల వారు స్పష్టంగా ఎక్కువ సాహసాలు చేశారు. 24 ఏళ్లు దాటినవారిలో అలాంటి తేడా దాదాపు కనిపించలేదు. తర్వాత 2011లో ఇదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మెదడు స్కానింగ్ అధ్యయనంలో, స్నేహితులు చూస్తున్నారని తెలిసినప్పుడు కౌమారుల మెదడులో బహుమతికి స్పందించే భాగాలు ఎక్కువ చురుకయ్యాయని తేలింది.

అంటే ఒంటరిగా ట్యూషన్‌కు వెళ్లేటప్పుడు బుద్ధిగా నడిపే పిల్లవాడే, ముగ్గురు స్నేహితులు ఎక్కగానే వేరే డ్రైవర్ అయిపోవచ్చు. 16, 17 ఏళ్ల డ్రైవర్ల విషయంలో బండిలో ప్రయాణికుల సంఖ్య పెరిగేకొద్దీ మరణించే ముప్పు పెరుగుతుందని 2000లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వచ్చిన అధ్యయనం కూడా చూపింది.

మూడోది నిద్ర. కౌమారంలో శరీర గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. వరుసగా 17 గంటలు మేలుకుని ఉంటే పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న స్థాయికి పడిపోతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. మన దేశంలో డ్రైవర్లకు చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. అంటే చుక్క తాగకుండానే, రాత్రంతా వేడుక చేసుకుని తెల్లవారుజామున స్టీరింగ్ పట్టినవారు ఆ హద్దు దాటిన స్థితిలో ఉన్నట్టే.

మన చట్టం: ఇటు ఏమీ లేదు, అటు అన్నీ

మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితేనే కారు లేదా గేర్ల బైకు నడపాలి. 50 సీసీకి మించని గేర్లు లేని బండికి 16 ఏళ్లు చాలు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీకి పైనే. అందుకే పదో తరగతి, ఇంటర్ పిల్లలు నడుపుతున్న స్కూటీల్లో చాలా వాటికి ఈ మినహాయింపు వర్తించదు.

2019లో చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు ఉంటాయి. ఆ మైనర్‌కు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ల బాలుడు నడిపిన పోర్షే కారు ఇద్దరు ఇంజనీర్లను బలిగొన్నప్పుడు, వ్యాసం రాయమన్న షరతుతో బెయిల్ ఇవ్వడంపై దేశమంతా ఆగ్రహం వ్యక్తమైంది. అప్పుడే ఈ సెక్షన్ గురించి చాలామందికి తెలిసింది.

అయితే ఈ శిక్షలన్నీ 18 ఏళ్ల గీతకు ఇవతలి వైపే. గీత దాటిన మర్నాడు? లెర్నర్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్ష పాసైతే చాలు. ఆ రాత్రే నలుగురు స్నేహితులను ఎక్కించుకుని జాతీయ రహదారి మీద వెళ్లినా చట్టానికి అభ్యంతరం లేదు. 2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, అతని బంధువైన బాలుడు 1000 సీసీ బైకు ప్రమాదంలో మరణించారు. ఆ కుమారుడి వయసు 19.

మెట్టు మెట్టుగా లైసెన్సు

ఈ ఖాళీని పూడ్చడానికి న్యూజిలాండ్ 1987లో మెట్టు మెట్టుగా ఇచ్చే లైసెన్సు పద్ధతిని తెచ్చింది. అక్కడ రెండో మెట్టులో ఉన్న డ్రైవర్ రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు ఒంటరిగా నడపకూడదు. అనుభవజ్ఞుడైన డ్రైవర్ పక్కన లేకుండా స్నేహితులను ఎక్కించుకోకూడదు. అమెరికాలో ఫ్లోరిడా 1996లో ఇదే బాట పట్టింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అనుసరించాయి. ఈ పద్ధతి యువ డ్రైవర్ల ప్రమాదాలను తగ్గిస్తోందని పలు అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలు తేల్చాయి.

పరిమితులూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్ల లోపు కొత్త డ్రైవర్లు రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు 21 ఏళ్ల లోపు ప్రయాణికుడిని ఒక్కరినే ఎక్కించుకోవాలి. 2022 సెప్టెంబరు 6న అక్కడి బక్స్‌టన్‌లో 18 ఏళ్ల యువకుడు నడిపిన బండిలో ఐదుగురు పిల్లలు చనిపోయారు. అది రాత్రి 8 గంటల ప్రాంతం, ఆ నిబంధన వర్తించే వేళ కాదు. పరిమితిని రోజంతా పెట్టాలా అన్న చర్చ మళ్లీ లేచింది. యువతకు ఉద్యోగాలు, చదువులు ఎలా సాగుతాయన్నది ఎదుటి వాదన. షిఫ్టుల మీద నడిచే జంషెడ్‌పూర్ లాంటి ఊరికి ఆ వాదన బాగానే అర్థమవుతుంది.

ఇంట్లో పెట్టుకోగల నియమాలు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల వారు. హెల్మెట్ లేక 50,029 మంది, సీటు బెల్టు లేక 16,715 మంది చనిపోయారు. చట్టం మారేదాకా ఆగకుండా, లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది ఇంట్లోనే ఈ మెట్లు అమలు చేయవచ్చు.

• మొదటి మూడు నెలలు పక్కన పెద్దవారు ఉండాలి. వాన, చీకటి, షిఫ్టు మారే వేళ రద్దీ, లారీలు తిరిగే హైవే: ఇవన్నీ వారి సమక్షంలోనే అనుభవంలోకి రావాలి.

• ఆరు నెలల దాకా రాత్రి పది తర్వాత తాళాలు ఇవ్వకూడదు.

• మొదటి ఏడాది ఒక్క స్నేహితుడికి మించి ఎక్కించుకోకూడదు. సీట్లకు మించి ఎప్పుడూ కాదు.

• బైకు వెనక కూర్చునేవారికీ హెల్మెట్, కారు వెనక సీట్లోనూ బెల్టు తప్పనిసరి.

• 'నిద్ర వస్తోంది, వచ్చి తీసుకెళ్లండి' అని పిల్లలు ఏ వేళలో ఫోన్ చేసినా తిట్టకుండా వెళ్లాలి. ఆ ఫోన్‌కు తిట్లు పడతాయని తెలిస్తే వాళ్లు ఫోన్ చేయరు, బండి తీస్తారు.

• పెద్దలు తాము పాటించని నియమం పిల్లలకు చెప్పకూడదు. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపే తండ్రిని వెనక సీట్లో కూర్చుని పిల్లలు పదేళ్లుగా చూస్తూనే ఉంటారు. వారి మొదటి డ్రైవింగ్ పాఠం అదే.