అడినోసిన్ మందు వచ్చేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పలకల పని చేస్తాను. మూడేళ్లుగా రక్తం, జిగట కలిసిన విరేచనాలు. మొదట మొలలనుకుని నాటు మందు వాడాను. తర్వాత ఒంగోలులో కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మెసలమైన్ బిళ్లలు ఇచ్చారు. తగ్గగానే మానేస్తున్నాను, మళ్లీ మొదలవుతోంది. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు సూది వేయించుకుంటాను. అడినోసిన్‌తో పేగు వాపు తగ్గించే వైద్యం వస్తోందని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. దానికోసం ఆగవచ్చా? టీ తాగితే అడినోసిన్ పనిచేయదంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ఆగవద్దు. బిళ్లలు ఈరోజే మళ్లీ మొదలుపెట్టి, మీ డాక్టరును కలవండి. రక్తం ఆగినంత మాత్రాన పేగు మానినట్టు కాదు. పైకి ఏమీ తెలియకుండానే లోపల వాపు కొనసాగుతుంది. అలా ఏళ్ల తరబడి సాగితే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

మీ అబ్బాయి చదివింది అబద్ధమేమీ కాదు. అడినోసిన్‌కు మూలం ఏటీపీ. కణాలకు శక్తినిచ్చే ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. పేగు పొర దెబ్బతింటే కణాల్లోని ఏటీపీ బయటికి కారుతుంది. దాంతో తెల్ల రక్తకణాలు అక్కడికి పోగై వాపు మొదలవుతుంది. ఆ తర్వాత సీడీ39, సీడీ73 అనే ఎంజైములు ఏటీపీలోని ఫాస్ఫేట్లను తెంచి దాన్ని అడినోసిన్‌గా మారుస్తాయి. ఈ అడినోసిన్ తెల్లకణాల మీదున్న ఎ2ఎ రిసెప్టర్‌కు తగులుకుని వాటి ఉద్రేకాన్ని అణుస్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్‌రోడ్డులో దిగుతున్న లారీకి బ్రేకు ఎంత అవసరమో, రోగనిరోధక వ్యవస్థకు ఇదీ అంతే.

అలాగని అడినోసిన్‌నే సూదిగా ఇవ్వలేం. ఆ సూది ఆసుపత్రుల్లో ఉంది కానీ, కొన్ని రకాల గుండెదడను ఆపడానికి. రక్తంలో కొన్ని సెకన్లే నిలుస్తుంది. పైగా పేగు పొర మీద ఎ2బి అనే మరో రిసెప్టర్ ఉంది. అడినోసిన్ దానికి తగిలితే ఉప్పు, నీరు పేగులోకి ఊరి విరేచనాలు పెరుగుతాయి. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో ఎ2బి కొన్నిసార్లు మేలు చేసింది, కొన్నిసార్లు కీడు. అందుకే కేవలం ఈ దారిలో పనిచేసే మందేదీ పేగు వాపుకు ఇంకా ఆమోదం పొందలేదు.

ఇక్కడ మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. పాత మందులు కొన్ని ఈ దారినే కొంత వాడుకుంటున్నాయి. స్వీడన్‌లో నాన్నా స్వార్ట్జ్ అనే వైద్యురాలు 1940 ప్రాంతంలో కీళ్లవాతం కోసం తెచ్చిన సల్ఫాసలజైన్ కొలైటిస్‌కూ పనికొచ్చింది. అది వాపు ఉన్నచోట అడినోసిన్‌ను పెంచుతుందని జంతు ప్రయోగాల్లో తేలింది. మెథోట్రెక్సేట్ కూడా అంతే. అది అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావు గారి బృందం చేతుల మీదుగా వచ్చింది. ఆయన సోదరుడిని బలిగొన్నది స్ప్రూ అనే పేగు జబ్బు. అలా సోదరుణ్ణి పోగొట్టుకున్న సుబ్బారావు గారి పరిశోధనలో పుట్టిన మందు ఈనాడు క్రోన్స్ అనే మరో పేగు వాపు వ్యాధిలో పేగులను కాపాడుతోందంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. అయితే అల్సరేటివ్ కొలైటిస్‌లో మెథోట్రెక్సేట్ వల్ల అంత ఫలితం కనబడలేదు, కాబట్టి అది మీకు కాదు. ఇలాంటి వాపు జబ్బులకు ఎవరికి రాసినా వారానికి ఒక్కరోజే వాడాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మోకాళ్ల నొప్పి సూది. పశ్చిమ ప్రకాశంలో మోకాలు నొప్పి అనగానే ఫ్లోరైడ్ నీళ్లని తేల్చేసి, ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ పొడిపించుకోవడం అలవాటైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కొలైటిస్‌ను మళ్లీ రేపుతాయి. కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. కొలైటిస్ వల్లే కీళ్లు నొప్పి పెట్టడమూ మామూలే. ఆ సంగతి డాక్టరుకు చెబితే మెసలమైన్ బదులు సల్ఫాసలజైన్ ఆలోచిస్తారేమో. సల్ఫా మందులు పడనివారికి అది వద్దు. వాడితే మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకండి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ బిళ్ల కూడా వేసుకోవాలి. అంతవరకు నొప్పికి పారాసెటమాల్ చాలు. మెసలమైన్ అరుదుగా కిడ్నీని ఇబ్బంది పెడుతుంది, అప్పుడప్పుడు క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

టీలోని కెఫిన్ అడినోసిన్ రిసెప్టర్లకు అడ్డుపడే మాట నిజమే. కానీ రోజుకు రెండు కప్పుల వల్ల కొలైటిస్ ముదురుతుందనడానికి ఆధారం లేదు. తాగగానే విరేచనం అవుతుంటే మాత్రం తగ్గించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. సాయంత్రాలు జ్వరం, కడుపునొప్పి, బరువు తగ్గింది. చిన్నపేగు చివర పుండ్లున్నాయి, టీబీయో క్రోన్సో అంటున్నారు. రక్తంలో ఏడీఏ చేయిస్తే తేలుతుందా?
— ఒక తల్లి, గిద్దలూరు

జవాబు: తేలదమ్మా. ఏడీఏ అంటే అడినోసిన్‌ను విరిచే ఎంజైము. టీబీ వల్ల పొట్టలో నీరు చేరితే, ఆ నీటిలో ఇది బాగా పెరుగుతుంది. అక్కడ మంచి ఆధారమే. రక్తంలో చూస్తే ఉపయోగం లేదు. పుండ్ల నుంచి ముక్కలు తీసి బయాప్సీకి, టీబీ కల్చర్‌కు, సీబీనాట్ అనే టీబీ క్రిమి జన్యు పరీక్షకు పంపాలి. పేగు టీబీలో సీబీనాట్ చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, కాబట్టి అది చూసి టీబీ లేదనుకోకూడదు. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెట్టాక అది టీబీ అయితే ఒళ్లంతా పాకుతుంది. అందుకే తేలనప్పుడు ముందు టీబీ మందులిచ్చి, రెండు మూడు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. పుండ్లు మానితే టీబీ అన్నట్టే, ఆ కోర్సు ఆరు నెలలూ పూర్తి చేయాలి. జ్వరం తగ్గినంత మాత్రాన ఆ రెండో కొలనోస్కోపీ మానేయకండి. క్రోన్స్‌లోనూ ఈ మందులతో కొంత హాయిగా ఉన్నట్టనిపిస్తుంది, పుండ్లు మాత్రం మానవు. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.