రాజనీతిలో నీతి ఎంత? (పెద్ద తరగతి పాఠం)

పిల్లలూ! 'రాజనీతి' అనే మాటను విడదీస్తే అందులో 'నీతి' కనిపిస్తుంది. రాజ్యాల నడవడిలోనూ కనిపిస్తుందా? జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. డార్విన్ నుంచి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో తైమూరు ద్వీపం ఉంది.

1942లో జపాను సైన్యం అక్కడ దిగినప్పుడు, కొండల్లో పోరాడుతున్న కొన్ని వందల మంది ఆస్ట్రేలియా సైనికులకు తైమూరువాళ్ళు తిండి పెట్టారు, దాచిపెట్టారు. మూటలు మోసినవాళ్ళలో చిన్న కుర్రాళ్ళు కూడా ఉన్నారు. యుద్ధం ముగిసేలోగా తైమూరువాళ్ళు వేలల్లో చనిపోయారు.

1975లో పోర్చుగల్ తన వలస అయిన తూర్పు తైమూరును వదిలి వెళ్ళిపోతోంది. పక్కనే సుహార్తో సైనిక పాలనలో ఇండోనేషియా. అప్పటికే 1974లో మన ప్రధాని విట్లం ఆయనతో, తైమూరు మీలో కలవడమే మంచిది, అయితే అది ప్రజల ఇష్టంతో జరగాలి అన్నారు. సుహార్తో మొదటి సగమే విన్నట్టున్నాడు! అక్టోబరు 16న బాలిబోలో, మన టీవీ ఛానళ్ళ తరఫున వెళ్ళిన అయిదుగురు పాత్రికేయులను చంపేశారు. డిసెంబరు 7న సైన్యం డిలీలో దిగింది. తర్వాతి 24 ఏళ్ళలో తుపాకులకు, ఆకలికి, జబ్బులకు లక్షకు పైగా బలయ్యారు.

అయినా కాన్‌బెర్రా 1979లో ఆ ఆక్రమణను చట్టబద్ధంగా గుర్తించింది. అంత పెద్ద పొరుగుదేశంతో వైరం దేనికన్న భయం ఒకటి. సముద్రం అడుగున ఉన్న చమురు, గ్యాస్ మరొకటి. ఇండోనేషియాతో అయితే సముద్రగర్భం పంపకం తేలికని జకార్తాలోని మన రాయబారి 1975 ఆగస్టులోనే రాశారు. 1989లో రెండు దేశాల విదేశాంగ మంత్రులు తైమూరు సముద్రం మీద ఎగురుతున్న విమానంలో ఒప్పందంపై సంతకాలు చేశారు.

"తప్పని ఎవరూ చెప్పలేదా అంకుల్?" అని ఒకమ్మాయి అడిగింది. చెప్పారు. చర్చిల వాళ్ళు, విద్యార్థులు, 1942 నాటి సైనికుల్లో కొందరు. మాకైతే ఆ ప్రభుత్వాలను తిట్టడానికి నోరు పూర్తిగా రాదు. వీసా రోజుల్లో ఆఫీసులో అన్యాయం చూసి తల దించుకున్నవాళ్ళమే మేమూ. కానీ మా మౌనానికి ఎవరి ఊరూ తగలబడలేదు.

1999 ఆగస్టు 30న ఓటింగ్ పెడితే 78.5 శాతం స్వాతంత్ర్యం కోరారు. వెంటనే హింస చెలరేగింది. ఈసారి ఆస్ట్రేలియా కదిలింది. సెప్టెంబరు 20న జనరల్ కాస్‌గ్రోవ్ నాయకత్వంలో అంతర్జాతీయ సేన దిగింది. 2002 మే 20న కొత్త దేశం పుట్టింది. చమురు పేచీ మాత్రం ఆగలేదు. సముద్ర సరిహద్దు ఒప్పందం 2018 మార్చిలోగానీ కుదరలేదు.

ఇంటిపని: 1975లో ప్రధానికి మీరే సలహాదారు అనుకోండి. ఏం చెబుతారో అయిదు వాక్యాల్లో రాయండి. అమ్మానాన్నలతో వాదించవచ్చు, తెలుగులోనే!